మల్లేశ్వరి చెప్పని కథ

ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో దయ్యాల కథ చెప్పాలంటే మల్లేశ్వరే చెప్పాలి. ఆమె కండెలకు నూలు చుడుతూ కథ ఎత్తుకుంటే, పక్కన కూర్చున్న ఆడవాళ్లు భయమేసినచోట చేతులు ఆపేసేవాళ్లు. కూతురు చందన ఆ కథల్ని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేది. ఒకసారి ఆదోని బస్సులో ఎవరో గొంతు గుర్తుపట్టి సీటిస్తే, మల్లేశ్వరి సిగ్గుతో ముడుచుకుపోయింది.

ఒక పొద్దున పక్కింటి పద్మ వచ్చింది.

"అక్కా, నిన్నటి కత ఇని నిద్ర పట్టలే. అది మన ఈశ్వరి గురించే కదా?"

"నిన్న నేను కత యాడ సెప్పినానే?"

పద్మ ఫోన్‌లో వినిపించింది. మల్లేశ్వరి గొంతే. ఆమె తీసే దీర్ఘాలు, మధ్యమధ్య "ఊఁ కొట్టండమ్మా" అనడం, అన్నీ ఉన్నాయి. నేతగాళ్ల వీధి చివరింట్లో ఉండే ఒంటరి ఆడది పసిబిడ్డల నెత్తురు తాగుతుందని చెబుతోంది ఆ గొంతు. మల్లేశ్వరి చందనను కేకేసింది.

చందన ఫోన్ తీసుకుని చూసింది. "ఇది మన చానెల్ కాదమ్మా. ఎవురో నీ గొంతును ఏఐకి నేర్పించినారు. నీ పాత కతల్లోని మన వీధి, ఇండ్ల గుర్తులు పట్టుకుని కొత్త కత గూడా అదే అల్లుతుంది."

వీధి చివరింట్లో చీరలకు కుచ్చులు వేసుకుంటూ ఈశ్వరి ఒక్కతే ఉంటుంది. ఆ వారమే అదే వీధిలో ఉండే మాదన్న కూతురికి జ్వరం పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నానికి మాదన్న కట్టె పట్టుకుని ఈశ్వరి వాకిట్లో నిలబడ్డాడు. వెనక వీధంతా ఉంది.

మల్లేశ్వరి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "ఆ కత నేను సెప్పలేదు మాదన్నా!"

"గొంతు నీది కాదా?"

"గొంతు నాదే. మాట నాది కాదప్పా."

ఎవరూ నమ్మలేదు. తలుపు సందులోంచి ఈశ్వరి చూస్తోంది. మల్లేశ్వరి లోపలికి పోయి, ఆమె కుండలో నీళ్లు ముంచుకుని అందరి ముందూ తాగింది. "నాకేమన్నా అయితే అప్పుడు కొట్టు. ముందు బిడ్డను ఆసుపత్రికి తీస్కపోదాం పా."

మాదన్న భార్య ఏడుస్తూ బిడ్డను ఎత్తుకుంది. ఆదోనిలో రక్తం పరీక్ష చేసి డెంగీ అన్నారు. బిడ్డ బతికింది. మాదన్న తలదించుకుని ఈశ్వరి గడపకు వచ్చేసరికి, ఆమె పత్తికొండలోని అన్న ఇంటికి మూట కట్టుకుంటోంది.

"పోవద్దు సెల్లీ," అంది మల్లేశ్వరి.

"నువ్వు సెప్పలేదని నాకు తెలుసక్కా. అయినా నీ గొంతు ఇంటే తలుపు గడియ పెట్టుకోవాలనిపిస్తాంది."

మల్లేశ్వరి ఆమె మూట అందుకుని బస్సు దాకా మోసింది.

పోలీసులకు చెబితే ఆ చానెల్ ఆగిపోయింది. వారం తిరక్కుండానే మరో పేరుతో మొదలైంది. మల్లేశ్వరి ఇప్పుడు నోరు విప్పకుండా కండెలు చుడుతోంది. కొత్త కథ వచ్చినప్పుడల్లా చందన చేత పెట్టించుకుని చివరిదాకా వింటుంది, ఈసారి తన గొంతు ఎవరి ఇంటి గుర్తులు చెబుతుందోనని.