తుడవని రక్తనాళం

ఒంగోలు ఆసుపత్రిలో నర్సు కూతురిగా పెరిగిన మార్తకు శుభ్రత ప్రార్థనతో పాటే అలవాటైంది. 1978లో, ఢిల్లీలోని ఒక పరిశోధనశాలలో, ఆ శుభ్రతే ఆమెకు అడ్డుపడింది.

ఆమె పీహెచ్‌డీ అంతా ఒకే ప్రశ్న. అసిటైల్‌కొలీన్ అనే మందు ఒంట్లోకి ఎక్కిస్తే రక్తనాళాలు సడలుతాయి. సడలమనే ఆ కబురు నాళపు గోడలోని కండరానికి ఎవరు చేరవేస్తారు? అది తెలిస్తే, కొందరి గుండెనాళాలు ఎందుకు బిగుసుకుపోతాయో తెలుస్తుంది.

కుందేలు రక్తనాళాన్ని ఉంగరంలా కోసి, గోరువెచ్చని ఉప్పునీటిలో వేలాడదీసేది. మసి పట్టించిన కాగితం మీద ఒక ముల్లు దాని కదలికను గీసేది. ముందు ఒక మందుతో ఉంగరాన్ని బిగించి, తర్వాత అసిటైల్‌కొలీన్ చుక్క వేయాలి. అప్పుడు ఉంగరం సడలి ముల్లు దిగాలి. దిగేది కాదు. మొండిగా ఇంకా పైకి లేచేది. నీళ్లు మార్చింది, సీసాలు మార్చింది. రోజూ లక్ష్మీ నగర్ నుంచి కిక్కిరిసిన బస్సులో రావడం, అదే గీత చూసి వెళ్లడం.

"నీ చేతిలోనే ఏదో ఉందమ్మా," అనేవారు గైడు పెద్దిరాజు గారు. "రక్తపు మరకుంటే టిష్యూ పాడైపోద్ది. లోపలంతా శుభ్రంగా తుడువు."

ఆమె దూదిపుల్లతో ఇంకా గట్టిగా తుడిచేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ పోయేలోగా ముగించాలన్న ఆత్రంలో మార్త ఉంగరాన్ని తుడవకుండానే వేలాడదీసింది. చుక్క వేసింది. ముల్లు దిగింది, యమున ఇసుకతిన్నె మీద కొంగ వాలినంత మెత్తగా.

తాకితే మసి చెరిగిపోయే ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని గైడు గదికి పరుగెత్తింది.

"సార్, తుడవనిది సడలింది! తుడిస్తే నాళం లోపలి పొర ఊడిపోతోందేమో, కబురు దాని నుంచే వెళ్తున్నట్టుంది."

"పొర ఏమన్నా పోస్టాఫీసా, కండరానికి ఉత్తరాలు రాయడానికి?" ఆయన నవ్వారు. "తుడవలేదా? నర్సమ్మ కూతురివై ఉండి! డర్టీ టిష్యూ. పారెయ్."

"గీత చెరగకుండా వార్నిష్ పట్టించి దాచుకుంటాను సార్."

"ఎందుకూ, నా పరువు తీయడానికా?" అంటూ ఆయన రుమాలుతో కాగితం మీద ఒక్క తుడుపు తుడిచారు. గీత రుమాలుకు నల్లగా అంటుకుంది.

మార్త మళ్లీ దూది అందుకుంది.

1981లో ఒక విదేశీ పత్రిక ఓడలో ఆలస్యంగా వచ్చింది. పెద్దిరాజు గారు దాన్ని ఆమె బల్ల మీద తెరిచి పెట్టారు.

"వీళ్లూ తుడవలేదంటమ్మా. లోపలి పొరే కబురు పంపుతుందంట. అచ్ఛా, నీ పాత గీత ఉందా?"

"మీ రుమాలులో ఉంది సార్."

ఆమె కొత్త ఉంగరాన్ని మరకతోనే వేలాడదీసింది. ముల్లు మళ్లీ అంతే మెత్తగా దిగింది. ఆ కాగితాన్ని వార్నిష్‌లో ముంచి, కిటికీ దగ్గర తీగకు ఆరేసింది. గాలికి అది ఊగుతోంది. చూడటానికి ఎవరూ పరుగెత్తుకు రానక్కర్లేదు. ఇప్పుడది అందరికీ తెలిసిన సంగతే.