పోతమ్మ చేతి ముద్ర

మా బావ అర్జునరావు పడవలు కట్టేవాడు. డెబ్బైల్లో విశాఖ చేపల రేవు నుంచి వేటకు పోయే పడవల్లో ఆయన చెక్క చెక్కే బాడిశ తగలనిదాని కోసం వెతుక్కోవాల్సిందే. మనిషికి కోపం ఎక్కువ, మాట తక్కువ. ఆ కాసిని మాటల్లోనూ సగం నన్ను తిట్టడానికే ఖర్చుపెట్టేవాడు, బావమరిదిని కదా.

మా రేవులో ఒక ఆచారం ఉండేది. కొత్త పడవ నీళ్లు తాకేముందు, కట్టినవాడి భార్య పడవ ముక్కు మీద పసుపు చేత్తో ముద్ర వెయ్యాలి. ఆ చెయ్యి పడితేనే పడవ తిరిగొస్తుందని నమ్మకం. మా అక్క పోతమ్మకు కుడిచేతి చిటికెనవేలు లేదు, చిన్నప్పుడు ఐసు మిషన్‌లో పోయింది. పసుపు కడుక్కుపోతుందని బావ ఆ నాలుగువేళ్ల ముద్ర చుట్టూ ఉలితో గీత చెక్కేవాడు. అది చూస్తే పోతమ్మ పడవ అని రేవంతా గుర్తుపట్టేది.

ఎనభై అయిదులో సఫారీ సూటు వేసుకున్న ఒకాయన వచ్చాడు.

“ప్రభుత్వం పని. పేరు వద్దు, రంగు వద్దు, పూజలు వద్దు,” అన్నాడు.

“ఏ ఆఫీసు బాబూ?” అని బావ అడిగితే నవ్వి, తాను దిగిన ఇంటి గుర్తులు చెప్పాడు. ప్రభుత్వమే తనను వెతుక్కుంటూ వచ్చిందని బావ ఒకటే పొంగిపోయాడు. ఆఫీసు పేరైనా చెప్పనివాణ్ని నమ్మినందుకు నాకు ఒళ్లు మండింది. పడవ సిద్ధమయ్యాక తీసుకెళ్లడానికి కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల భాష మాది కాదు, మీసాలింకా సరిగ్గా రాలేదు. బావకు జాలేసింది.

“ఎవలు కన్న బిడ్డలో! తిరిగి రావాల కదేటి? సెయ్యెయ్యే,” అన్నాడు అక్కతో.

“ఒద్దన్నారు కదా?”

“లోపల బల్ల కింద ఎయ్యి. ఎవలు సూత్తారు?”

అక్క వేసింది. బావ చెక్కాడు.

కొన్ని నెలలకు పేపర్లో ఫొటో వచ్చింది. సముద్రం అవతల పొరుగుదేశంలో ఒక పల్లె సంత మీద సాయుధులెవరో దాడిచేసి కనబడినవాళ్లనల్లా కాల్చేశారట. వాళ్లు వదిలేసిన పడవ ఒడ్డున పడి ఉంది. బల్ల ఊడిపోయి, దాని కింద నాలుగువేళ్ల చెయ్యి కనబడుతోంది. వాళ్లకు పడవలూ తుపాకులూ మన నిఘావాళ్లే ఇచ్చారని ఆరోపణ, అదంతా అబద్ధమని ఢిల్లీ మాట, రెండూ ఒకే వార్తలో ఉన్నాయి. సఫారీ ఆయన ఉంటానని చెప్పిన ఇంటికి బావ పరిగెత్తాడు. అక్కడ టులెట్ బోర్డు వేలాడుతోంది. ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు.

“సంతలో ఆడోల్లు కూడా ఉన్నారేట్రా?” అని మాత్రం అడిగింది అక్క. ఉన్నారన్నాను.

ఆ తర్వాత అక్క ఏ పడవ మీదా చెయ్యి వెయ్యలేదు. నలుగురిలోకి వస్తే కుడిచెయ్యి కొంగులో దాచుకునేది. ముద్ర లేని పడవ ఎవరు తీసుకుంటారు? అంత పనివాడూ వన్ టౌన్ సందుల్లో తలుపులూ కిటికీలూ చేసుకుంటూ బతికాడు.

చివరికి, ఎవరి పడవల్లోనో వేటకు పోయే నేనే పంతం పట్టి ఆయనచేత ఒక పడవ కట్టించుకున్నాను. అక్కను బతిమాలాను, రానంది. ముద్ర లేకుండానే నీళ్లలోకి దింపాను. రేవులో వాళ్లు నన్ను పోయినవాడి కిందే లెక్కగట్టారు.

సాయంత్రం బుట్టల నిండా చేపలతో ఒడ్డుకొచ్చాను. బావ నాకోసమే నిలబడి ఉన్నాడు. పడవ ముక్కు మీద ముద్ర ఉండాల్సిన చోట అరచేత్తో నిమిరాడు. తిడతాడేమో అనుకున్నాను. ఏడుస్తున్నాడు.

“సెయ్యి లేకపోయినా వొచ్చేసింది కదరా,” అన్నాడు. “ఈ ముక్క ముందే తెలిసుంటే, నాను ఆయేల దానిసేత ఏయించేవోణ్ని కాదు.”