పట్టాకు పెట్టిన బొట్టు

విమానం పడిపోయిందంటే ఇంజను చెడిందా, రెక్క విరిగిందా అని అడుగుతారు జనం. సీటు జారిందంటే నమ్మరు. కుర్చీ జారితే మనిషి చస్తాడా అని నవ్విన బంధువులు కూడా నాకున్నారు. వాళ్లతో వాదించడం మానేశాను.

శిక్షణకు వాడే చిన్న విమానంలో పైలట్ సీటు రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పట్టాకు వరసగా రంధ్రాలుంటాయి. సీటు కింది పిన్ను వాటిలో ఒకదానిలోకి పూర్తిగా దిగాలి. సగం దిగితే దిగనట్టే. విమానం పరుగెత్తి ముక్కు ఎత్తేటప్పుడు సీటు వెనక్కి జారుతుంది. జారే మనిషి చేతికి దొరికింది వదలడు. పైలట్ చేతిలో ఉండేది విమానాన్ని నడిపే పిడి. దాన్ని లాగితే ముక్కు ఇంకా పైకి లేస్తుంది, ఆ తర్వాత విమానం గాలిలో నిలవదు.

కర్నూలుకూ కడపకూ మధ్య ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్పులో నేను మెకానిక్కుని. విమానం నడపడం నేర్పే బడి అది. ఏ బడి అని అడగొద్దు, చెప్పను. నాకంటే పెద్దవాడొకాయన నాతో పనిచేసేవాడు. అన్నా అని పిలిచేవాణ్ణి. కోయిలకుంట్ల వైపు ట్రాక్టర్లు బాగుచేసి చెయ్యి తిరిగినవాడు.

ఆయుధపూజకు ముందు విమానాలు కడగడం మా దగ్గర వాడుక. లోపలి దుమ్ము పోవాలంటే సీట్లు తీయాలి. పట్టాల చివర ఉన్న అడ్డుబిళ్లలు విప్పి, సీట్లు జరిపి, ఎత్తి బయట పెట్టాం. పూజ రోజు అన్న గంధం, కుంకుమ చిక్కగా కలిపి తెచ్చాడు. బొట్టు రాలకూడదని అందులో తుమ్మబంక కూడా వేశాడు. అది ట్రాక్టర్ల కాలం నాటి అలవాటు. చక్రాలకు, ప్రొపెల్లరుకు, స్పానర్లకు పెట్టి, లోపలికి వంగి పట్టాల దాకా వచ్చాడు.

“వాటికి కూడా ఏందన్నా?” అన్నాను.

“పిల్లోళ్లను మోసేది అదే గదప్పా. దానికే ముందు పెట్టల్ల. బొట్టు లేని బండి యాడన్నా ఉంటాదా?”

నాకా మాట ముద్దుగా అనిపించింది. ఆయన పట్టా పొడుగునా వేలితో అద్దుకుంటూ పోయాడు. టెంకాయ కొట్టాం, బొరుగులు పంచుకున్నాం.

సెలవుల్లో ఎండకు రేకుల షెడ్డు మాడిపోయింది. రంధ్రాల్లోకి దిగిన బంక రాయిలా గట్టిపడింది. తిరిగి వచ్చి మొదటి విమానానికి సీట్లు బిగించాం. పైలట్ కూర్చునే ఎడమది అన్న, కుడిది నేను. పిన్ను టక్కుమంది. అన్న చేత్తో ఊపి చూశాడు. ఇంజనీరు వచ్చి ఆయనా ఊపి చూసి సంతకం చేశాడు. కదల్లేదు. ఖాళీ సీటును ఆపడానికి సగం పిన్ను చాలు.

ఆ విమానం మొదట ఎక్కింది ఒక ట్రైనీ అమ్మాయి, ఒంటరిగా. అన్నను పెదనాన్నా అని పిలిచేది. పొట్టి పిల్ల, కాళ్లు అందవని సీటు బాగా ముందు రంధ్రాల్లోకి జరుపుకునేది. ఎక్కే ముందు ఆయనకు చెయ్యి ఊపడం మరిచేది కాదు. ఆరోజూ ఊపింది.

షెడ్డు ముందు నిలబడి చూస్తున్నాం. విమానం లేచింది. ముక్కు లేవాల్సినదానికంటే ఎక్కువ లేచింది. “ముందుకు తొయ్ పాపా, తొయ్!” అని అన్న గొంతు చించుకున్నాడు. ఆమెకు వినబడదని ఆయనకు తెలుసు. రన్‌వే పక్కన కంపచెట్లలో పడింది. ఆ పిల్ల బతకలేదు.

విచారణకు వచ్చినవాళ్లు సీటు కింద చూశారు. పిన్ను మొనకు ఎర్రగా అంటుకుని ఉంది. మొదట నెత్తురనుకున్నారు. అది తాను పెట్టిన కుంకుమేనని అన్న మాత్రం చూడగానే పోల్చుకున్నాడు.

నా కోపం దేవుడి మీద కాదు, ఆయన మీదా కాదు. చేత్తో ఊపి చాల్లే అనుకునే పద్ధతి మీద. ఇప్పుడు సీటు ఎవరు బిగించినా నేను ఎక్కి కూర్చుంటాను. కాళ్లు తన్నిపెట్టి వీపుతో వెనక్కి తోస్తాను. టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి, పిన్ను ఎంత దిగిందో చూస్తాను. వీడికి చాదస్తం అంటారు. అననీ, వాళ్లకు ఒళ్లు మండినా సరే నేను మాననుగాక మానను.

ఈ ఏడు దసరా ముందు ఆయన ఇంటికి పోయాను. పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన నీళ్లు తెచ్చింది. ఆమె ముఖాన బొట్టు లేదు. ఆయన వైపు చూశాను. ఊపిరి ఆడుతోంది.

ఆమె నన్ను వాకిట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

“కుంకుమ కండ్లబడితే వణుకుతాండాడప్పా. తాను బతికుండంగనే నన్ను చెరుపుకోమన్యాడు. చెరుపుకున్న. ఇంగేం జేయల్ల?”