గోడలో దాచిన కప్లింగు

ఆయన్ను అందరూ చెవి మేస్త్రి అంటారు. గోడ లోపల నీరు ఎక్కడ కారుతోందో కనిపెట్టాల్సి వస్తే పొడవాటి స్క్రూడ్రైవరు కొనను గోడకు, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఆ కాసేపూ ఇంటివాళ్లు ఊపిరి కూడా జాగ్రత్తగా పీలుస్తారు. చంటిపిల్ల దగ్గితే తల్లి సంజాయిషీ చెప్పుకుంటుంది. తర్వాత ఆయన కళ్లు తెరిచి, సుద్దముక్కతో గోడ మీద ఓ సున్నా చుడతాడు. అక్కడ పగలగొడితే నీళ్లుంటాయి. ముప్ఫై ఏళ్లలో ఆ సున్నా తప్పిందని ఎవరూ అనలేదు.

ఆయన జీవితానికి సూత్రం ఒకటే. మలుపు తిరిగేచోట తప్ప గోడ లోపల అతుకు ఉండకూడదు. నిలువు పైపు ఏ ముక్కగా లోపలికి వెళ్లిందో ఆ ముక్కగానే బయటికి రావాలి. పెళ్లయిన కొత్తలో తన చెవిలో రహస్యంగా చెప్పిన మొదటి మాట ఇదేనని ఆయన భార్య ఇప్పటికీ వాపోతుంది. కూతురు ఈ పనిలోకి వచ్చిన మొదటి ఏడాది, ఓ కొత్త ఫ్లాటులో పైపు చాలక చిన్న ముక్క అతికి, పైన టైల్సు వేయించేసింది. ఆయన ఆ టైల్సు ఊడబీకించి, పనంతా మళ్లీ చేయించి, కొన్నాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశాడు. అప్పటినుంచి నాన్న మాటంటే ఆమెకు శిలాశాసనం. ఇప్పుడిద్దరూ కలిసే పనికి వెళ్తున్నారు.

ఆ మధ్యాహ్నం పిలుపు ఒక పాత ఇంటినుంచి వచ్చింది. గుమ్మం దాటుతూనే చెవి మేస్త్రి ముఖంలో రంగు మారింది. ఇరవై రెండేళ్ల కింద ఈ ఇంటి పైపులు వేసింది ఆయనే. అప్పటి యజమానులు అమ్ముకుని వెళ్లిపోయారు. ఇప్పుడుంటున్నది ఒక రిటైరైన టీచరుగారు.

నడవ గోడ మీద తడి దిగివస్తూ కరెంటు బోర్డుకు జానెడు దూరంలోకి వచ్చేసింది. మెయిన్ కట్టేద్దామంటే పక్కగదిలో టీచరుగారి అత్తగారు ఆక్సిజన్ మిషను మీద ఉన్నారు. సిలిండరు బయల్దేరింది, గంట పడుతుందట. నీళ్లు కట్టేద్దామంటే మేడ మీది వాల్వు తుప్పుపట్టి, ఎటు తిప్పితే అటు వినయంగా తిరుగుతోంది తప్ప మూసుకోవడం లేదు. కుళాయిలన్నీ తెరిచిపెట్టారు. ట్యాంకు ఖాళీ అయ్యేలోపు తడి బోర్డులోకి చేరిపోతుంది. వైర్లున్నాయి కనుక బోర్డు పక్కన ఉలి పెట్టే వీలు లేదు. ఇక మార్గం ఒక్కటే. కారేచోటే గోడ తెరిస్తే నీళ్లు లోపల దిగకుండా బయటికి దూకుతాయి.

కూతురు హెడ్‌ఫోన్లు తగిలించుకుని లీకేజీ మిషను గోడంతా తిప్పింది.

"కుళాయిల హోరు తప్ప ఏమీ వినపడట్లేదు నాన్నా. నీ చెవే దిక్కు."

ఆయన స్క్రూడ్రైవరు ఆనించాడు. అవసరం లేదు. ఎక్కడో ఆయనకు తెలుసు. బోర్డుకు పైన, చెయ్యెత్తితే అందేచోట. ఆనాడు పైపు జానెడు తక్కువైంది. కలిపిన సిమెంటు గట్టిపడిపోతోందని తాపీమేస్త్రి గోల. "లోపల ఎవరు చూడొచ్చారన్నా, కానిచ్చెయ్" అన్నాడు. కానిచ్చేశాడు. ఓ ముక్క, దాన్ని పైపుకు అతికే ఓ కప్లింగు, పైన సిమెంటు. సూత్రం అప్పటికే ఉంది. ఆ రోజు మాత్రం సెలవు తీసుకుంది.

ఆయన చెయ్యి వెళ్లి ఎడమవైపు, స్నానాల గదికి పైపు తిరిగేచోట సున్నా చుట్టింది.

"అక్కడా?" అంది కూతురు.

"మలుపు కదమ్మా. కారేవి మలుపులే."

ఆమె ఉలి పెట్టి కొట్టింది. పెచ్చు ఊడింది, ఇటుక బయటపడింది. ఎర్రటి పొడి రాలింది తప్ప చుక్క నీరు లేదు.

"ఏంటి నాన్నా, నీ సున్నాకి వయసైపోయిందా?" అని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆపేసింది.

"మేస్త్రిగారూ," అన్నారు టీచరుగారు గోడకు చెయ్యి అడ్డంపెట్టి కొలుస్తూ, "ఇంక నాలుగు వేళ్లే ఉందండీ."

"మళ్లీ విను నాన్నా. కంగారు పడకు."

మళ్లీ ఆనించాడు. గోడలోంచి పక్కగది మిషను వినిపించింది. బుస్సుమని ఆగుతోంది. మళ్లీ బుస్సుమంటోంది. ఆగినప్పుడల్లా ఆయన ఊపిరి కూడా ఆగుతోంది.

ఈసారి సుద్ద తియ్యలేదు. వేలు చూపించాడు. "అక్కడ కొట్టు."

"అక్కడేముంది? నిలువు పైపు. అతుకుండదుగా."

"ఉంది."

"ఏ బుద్ధిలేనివాడు పెట్టాడు?"

"నేనే."

సుత్తి గాల్లో ఆగింది. టీచరుగారు తల పక్కకు తిప్పుకున్నారు. తర్వాత కూతురు కొట్టింది. అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే కొట్టింది. నాలుగో దెబ్బకు నీళ్లు ఎగిరి ఆమె ముఖాన పడ్డాయి. బకెట్లొచ్చాయి, దుప్పట్లొచ్చాయి. తడి బోర్డుకు రెండు వేళ్ల దూరంలో ఆగింది.

సిలిండరు వచ్చాక మెయిన్ కట్టేశారు. ట్యాంకు ఖాళీ అయింది. తుప్పు తినేసిన కప్లింగును కూతురు అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది.

"నా టైల్సు ఎన్ని పీకించావు?"

"నలభై."

"వారం మాట్లాడలేదు."

"ఎనిమిది రోజులు," అన్నాడాయన. లెక్కలో మాత్రం నిజాయితీపరుడు.

"మరిప్పుడు నేనెన్నాళ్లు మానెయ్యాలి?"

ఆయన సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు.

టీచరుగారు కల్పించుకున్నారు. "పోన్లెండి, అయిందేదో అయింది. ఆ కాస్త చోట ఓ ముక్క పెట్టి కప్పేయమ్మా. గోడంతా పాడుచేయడం ఎందుకు? లోపల ఎవరు చూడొచ్చారు?"

కూతురు కప్లింగును కింద పెట్టి ఉలి అందుకుంది. సంచిలో ముక్క ఉంది, కప్లింగులూ ఉన్నాయి. అరగంట పని. ఆమె తండ్రినే చూస్తూ నిలబడింది.

చెవి మేస్త్రి ఆమె చేతిలోంచి ఉలి తీసుకుని స్టూలెక్కాడు. పైకప్పుకు ఆనుకుని, పైపు మొదలయ్యేచోట పెట్టాడు.

"మా అమ్మాయి చూసిందండీ," అన్నాడు. "చీకటిపడే దాకా పడుతుంది. దుమ్ము లేస్తుంది, పెద్దమ్మగారి గది తలుపేసుకోండి."

మొదటి దెబ్బకు స్టూలు ఊగింది. కూతురు వచ్చి రెండు చేతులా పట్టుకుంది. గోడ మూరెడు తెరుచుకునేదాకా నోరు విప్పలేదు.

"మాట్లాడుతున్నాననుకోకు," అంది చివరికి. "కళ్లద్దాలు పెట్టుకో. పెచ్చులు పడతాయి."