బేకరీ మాస్టారికి తెలిసిన ఇంగ్లీషు

బేకరీ మాస్టారికి వచ్చిన ఇంగ్లీషంతా ఓవెన్ చుట్టూ పుట్టిందే. ట్రే, క్రీమ్, ఫ్రెష్, బేక్. అంతకు మించి ఎవరైనా మాట్లాడితే తలూపి ఊరుకునేవాడు. వేడికి ఎప్పుడూ ఎర్రబడి ఉండే కళ్ళు, మోచేతుల దాకా కాలిన మచ్చలు, కనుబొమల మీద పిండి, ఇదీ మనిషి. బన్ను పొంగకపోతే ఇల్లు పీకి పందిరేసేవాడు. కొడుకు చదువు పొంగకపోతే మాత్రం ఆయనకు నోట మాట రాలేదు.

ఒక్కగానొక్క కొడుకు. కంప్యూటర్ కోర్సులో చేరి సగంలో మానేశాడు. అప్పటినుంచి తండ్రీ కొడుకుల మాటలన్నీ తల్లి మీదుగానే నడిచేవి. "మీ అబ్బాయి తిన్నాడా?" అని ఈయన, "మీ ఆయన వెళ్ళాడా?" అని వాడు. పాపం, ఆవిడ బతుకు ఇద్దరి మధ్యా అటూ ఇటూ కబుర్లు మోయడంతోనే సరిపోయేది.

అలాంటి ఇంట్లో ఒక సాయంత్రం మెట్లెక్కుతున్న మాస్టారి చెవిన కొడుకు ఫోనులో అంటున్న మాట పడింది.

"ఒరేయ్, ఫుల్ బేక్డ్ రా నేను! నిన్నటికంటే ఎక్కువ!"

మాస్టారు మెట్టు మీదే నిలబడిపోయాడు. బేక్! అది తన మాట! తన కొడుకు నోట!

ఆశ పుట్టిన మనిషికి కనిపించేదంతా రుజువే. కొడుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయా, ఓవెన్ వేడికి మరి. ఒళ్ళంతా పొగ వాసనా, పొయ్యి దగ్గర నిలబడితే రాదూ! వేళకాని వేళ బ్రెడ్డు ప్యాకెట్టంతా నమిలేస్తున్నాడా, రుచి చూడడం నేర్చుకుంటున్నాడు. స్నేహితుడెవడో బేకరీ పెట్టుంటాడు, వీడు అక్కడ చాటుగా పని నేర్చుకుంటున్నాడు, నాన్నకు చెప్పడానికి సిగ్గు. ఇంత కథా ఆయన మెట్ల మీదే అల్లేసుకున్నాడు. తల్లికైనా అనుమానం రాలేదా అంటే, పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ మొగుడి కళ్ళు అదే రంగులో చూస్తోంది.

"ఏరా, బేకింగ్ నేర్చుకుంటున్నావటగా? చెబితే కొడతాననుకున్నావా?" అన్నాడు మాస్టారు, ముఖమంతా నవ్వుతో.

కొడుకు ముఖాన నెత్తురు చుక్క లేదు. తండ్రి నవ్వుకేసి చూశాడు.

"అవును నాన్నా," అన్నాడు.

ఇంకేముంది, మాస్టారి కాళ్ళు నేల మీద ఆగలేదు. మర్నాడే వాణ్ణి వెంటబెట్టుకుని బేకరీకి వెళ్ళి, యజమానికి చెప్పి పనిలో పెట్టాడు. వాడు ట్రేలు మోశాడు, చెప్పిన పని మెల్లగా చేశాడు, మధ్యమధ్య వెనక సందులోకి వెళ్ళొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు కూడా మాస్టారికి ముద్దే. కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అన్నారా! కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం, "ఇవాళ్టినుంచి పిండి మిషను నీదేరా," అని అప్పజెప్పేశాడు.

ఆ మిషను సంగతి చెప్పాలి. పెద్ద గిన్నె గిరగిరా తిరుగుతుంటే, లోపల మనిషి చెయ్యంత లావు ఇనుప కొక్కెం పిండిని పిసుకుతుంది. పైన మూత ఉండాలి. పనికి అడ్డమని ఆ మూతను ఎప్పుడో ఊడదీసి గోడకి ఆనించింది మాస్టారే. ఏం, ఇన్నేళ్ళలో తనకేమైనా అయిందా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసేవాడికి ఏమీ కాదని ఆయన ధీమా.

కొడుకుని మిషను దగ్గర వదిలి, మాస్టారు వేడి బన్నుల ట్రే పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి, అక్కడ కూర్చునే అమ్మాయితో గొప్పలు మొదలుపెట్టాడు.

"చూశావా అమ్మా, మా వాడే మిషను తిప్పుతున్నాడు! పని మీద ఎంత పిచ్చనుకున్నావ్. ఫోన్లో కూడా అదే గోల, నేను ఫుల్ బేక్డ్ రా, ఫుల్ బేక్డ్ రా అని!"

ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆయన ముఖం చూసి చప్పున నవ్వు ఆపుకుంది.

"మాస్టారూ, ఆ మాటకి అర్థం అది కాదండీ."

"మరేంటి?"

"మా కాలేజీలో కుర్రాళ్ళు అనేవాళ్ళు. గంజాయి కొట్టి మత్తెక్కితే బేక్డ్ అంటారు. స్టోన్డ్ అన్నా, హై అన్నా అదేనండీ."

రాయైపోయినా మత్తే, ఎత్తుకెక్కినా మత్తే, ఆఖరికి ఓవెన్లో కాలినా మత్తేనా! ఆ దిక్కుమాలిన మత్తుకి ఇంకో మాటే దొరకలేదా, ఒక మనిషి బతుకంతా అన్నం పెట్టిన మాటే కావలసొచ్చిందా?

మాస్టారికి ఆ కళ్ళూ, ఆ పొగా, ఆ ఆకలీ అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. లోపల మిషను తిరుగుతోంది. ట్రే వదిలేసి పరిగెత్తాడు.

కొడుకు గిన్నె మీదికి వంగి, తిరిగే పిండిని చూస్తూ నవ్వుతున్నాడు. కుడిచెయ్యి నెమ్మదిగా లోపలికి పోతోంది. స్విచ్చి అవతలి గోడకుంది. మాస్టారు వాడి నడుం పట్టి వెనక్కి గుంజాడు. చర్రున గుడ్డ చిరిగింది. ఇద్దరూ పిండి బస్తాల మీద పడ్డారు. చొక్కా చెయ్యి కొక్కేనికి చుట్టుకుని పిండిలోకి పోయింది. మాస్టారు కొడుకు వేళ్ళు ఒక్కొక్కటీ తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. వెనకే వచ్చిన అమ్మాయి మిషను ఆపింది.

వాడింకా నవ్వుతూనే ఉన్నాడు. మాస్టారు చెంప ఛెళ్ళుమనిపించాడు. అప్పుడు ఆగింది నవ్వు.

"ఎందుకురా అబద్ధం చెప్పావు?"

"నువ్వే అలా అనుకున్నావు కదా నాన్నా. నన్ను చూసి నువ్వు అంత సంతోషపడడం నేనెప్పుడూ చూళ్ళేదు. కాదని ఎలా చెప్పను?"

మాస్టారు వాడి చిరిగిన చొక్కా భుజం మీదికి లాగి సర్దాడు.

గొడవ విని యజమాని వచ్చాడు, పనివాళ్ళంతా వచ్చారు. ఇన్నాళ్ళూ కొడుకు గురించి ఆయన ఊదరగొట్టింది వీళ్ళందరి దగ్గరే.

"ఏమైంది మాస్టారూ?"

"మిషను మొరాయించిందండీ," అంది అమ్మాయి, ఆయన పరువు కాపాడాలని.

మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"మిషను బాగానే ఉందండీ. మా వాడికి గంజాయి అలవాటైంది. మూత తీసింది నేను, వీణ్ణి అక్కడ నిలబెట్టిందీ నేనే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. నా పని ఇంకెవరికైనా చెప్పండి."

కొడుకు మోకాళ్ళలో తల దాచుకున్నాడు.

"అందరి ముందూ చెప్పేశావు. నేను రాను."

"ఎత్తుకెళ్తాను."

"నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

మాస్టారు వంగి, వాడి చంకల కింద చేతులు వేశాడు.