ఎదుర్లంక వంతెన మీద పడవ పిన్ను

మా ఆడపడుచు సంచికున్న పడవ పిన్ను మీద నా కన్ను పడి చాలాకాలమైంది. నేను యానాం ప్రయాణం పెట్టింది అందుకే. ఏ ఊరు వెళ్ళినా గుర్తుగా ఒక బొమ్మ పిన్ను కొని గుడ్డసంచికి గుచ్చుకోవడం మా ఇద్దరికీ సరదా. నా సంచి మీద గుచ్చడానికి చోటు లేదు. వదినగారి సంచికి ఉన్నవి నాలుగే. అయినా చూసేవాళ్ళ కళ్ళన్నీ పాపికొండల లాంచీలో ఆవిడ కొన్న ఆ రాగి పడవ మీదే. తర్వాత నేను వెళ్ళి అడిగితే, అవి అమ్మే మనిషి మానేశాడన్నారు. యానాంలో మంచి పిన్ను దొరికితే దానికి బదులు పడవ అడగాలని నా ఎత్తు.

వదినగారు ఏడింటికల్లా కొవ్వూరు నుంచి రాజమండ్రి బస్టాండుకు వచ్చేశారు. రామచంద్రపురం మీదుగా వెళ్ళే బస్సెక్కితే ఎండ ముదరకముందే ద్రాక్షారామంలో దిగిపోవచ్చు. భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని గుడి దగ్గర హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. ఇద్దరికీ నూట ఇరవై అయింది. అట్లు పోసే ఆవిడ నా సంచిని దాటి మరీ వదినగారి సంచి పట్టుకుంది.

“ఈ పడవ భలే ఉందండి. దాచుకుంటే ముందుముందు రేటొస్తుందా అండి?”

“రేటెందుకండి? చూసుకుంటే సరదాగా ఉంటుంది, అంతే,” అన్నారు వదినగారు.

ఆ మాట నేనూ అందరితో అంటుంటాను. ఆవిడ అంటేనే నిజంలా వినిపిస్తుంది. నా సంచి మీద అన్ని మెరుస్తుంటే ఈవిడకు కళ్ళు లేవా అని ఒళ్ళు మండింది. పెసరట్టు సగం వదిలేశాను.

అక్కడి నుంచి షేర్ ఆటోలో యానాం చేరాం. గోదావరి ఒడ్డున కాసేపు తిరిగి, ఒక ఫ్యాన్సీ షాపులో పాతకాలపు వీధిదీపం బొమ్మ ఉన్న పిన్ను ఎనభై రూపాయలకు కొన్నాను. అదొక్కటే మిగిలిందన్నారు. వదినగారు కుళ్ళుకుంటారేమోనని ఓరగా చూశాను.

“ఎంత బాగుందే శాంతీ,” అన్నారావిడ. ముఖంలో అసూయ మచ్చుకైనా లేదు. అది నన్ను ఇంకా ఉడికించింది.

తిరుగు ప్రయాణానికి ఎదుర్లంక వంతెన మీదుగా అమలాపురానికి ఆటో మాట్లాడుకున్నాం. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా రాజమండ్రికి బస్సులు బాగానే ఉంటాయి. వీధిదీపం చేతిలో పట్టుకుని, మార్పిడి మాట ఎలా ఎత్తాలా అని నేను లెక్కలు వేసుకుంటున్నాను. వంతెన మధ్యలో వదినగారు ఆటో ఆపించారు. గోదావరిలో రూపాయి బిళ్ళ వెయ్యకుండా ఆవిడ దాటరు. పర్సంతా వెతికారు.

“ఉన్న ఒక్కటీ పొద్దున్న కొవ్వూరు వంతెన మీద వేసేశాను. నీ దగ్గరుందా?”

లేదన్నాను. డ్రైవరు కూడా తల అడ్డంగా ఊపాడు. “అందరూ ఫోన్లోనే కొడుతున్నారండి. చిల్లర చూసి ఎన్నాళ్ళయిందో అండి.”

వదినగారు ఒక్క క్షణం ఆలోచించి పడవ పిన్ను విప్పారు. “పూర్వం వేసేవి రాగి బిళ్ళలే, ఇదీ రాగిదేగా,” అని కళ్ళు మూసుకుని, ఏదో చెప్పుకుని, నీళ్ళలోకి వదిలేశారు. ఆగమన్నట్టు నేను వీధిదీపం ఉన్న చెయ్యి చాచాను. నా చేతిలో పిన్ను చూసి ఆవిడ మరోలా అనుకున్నారు.

“నువ్వు వెయ్యక్కర్లేదులే. నీకు అవంటే ప్రాణం కదా. నీ పేరు కూడా చెప్పే వేశాను,” అన్నారు.

నాకు కావలసిన పడవను నా పేరు మీదే గోదావరికిచ్చేసిన మనిషిని ఏమని తిట్టుకోను? అసూయ పోయిందని అబద్ధం చెప్పను. ఇన్నాళ్ళూ ఆవిడ పిన్ను మీద ఉండేది, ఇప్పుడు ఆవిడ మనసు మీదికి మళ్ళింది. అది ఏ షాపులోనూ దొరకదు.

ఈ దారిన వెళ్ళేవారికి ఒక్క మాట. ఫోన్లో ఎంత డబ్బున్నా పర్సులో రెండు రూపాయి బిళ్ళలు ఉంచుకోండి. ఒకటి మీకు, రెండోది పక్కన కూర్చున్న వదినగారికి.