పైలం అన్న పిలుపు

మొన్న మంగళవారం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో దిగుతుంటే, వెనకనుంచి దూసుకొస్తున్న స్కూటీని చూసి ఆటో డ్రైవరు "పైలం సారూ" అన్నాడు. అంతే, నా రెండు చేతులూ నెత్తిమీదికి వెళ్ళాయి, నడుము వంగింది, మెడ భుజాల్లోకి దిగిపోయింది. చేతిలోని కొత్తిమీర కట్ట రోడ్డు మీద పడింది. స్కూటీ మీది అమ్మాయి తన మానాన తాను వెళ్ళిపోయింది. డ్రైవరు మాత్రం నన్ను కాసేపు జాలిగా చూసి "పానం మంచిగున్నదా సార్" అని అడిగాడు. బాగానే ఉందని చెప్పి కొత్తిమీర దులుపుకున్నాను. ఈ ఊళ్ళో పుట్టిన ఎవరికైనా పైలం అంటే జాగ్రత్త అని అర్థం. నాకు మాత్రం తల దాచుకోవడమని అర్థం. ఇది నాకు నేర్పినవాడు మా బావమరిది.

ఈ బావమరిది నాకు పెళ్ళితో వచ్చినవాడు కాదు, కిరాయి ఇంటితో వచ్చినవాడు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చిన కొత్తలో నార్సింగిలో ఒక మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. కింద వాటాలో ఇంటివాళ్ళు. ఇంటాయన నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. ఒక రాఖీ పండగనాడు వాళ్ళ అక్క ఎందుకో అలిగి రాలేదు. ఆయన పొద్దుటి నుంచీ కొత్త చొక్కా వేసుకుని మెట్ల మీద కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు. మా వైపు అప్పట్లో రాఖీ అంత అలవాటున్న పండగ కాదు. మా ఆవిడకు అన్నదమ్ములు లేరు. ఆవిడ పైనుంచి రెండు మూడుసార్లు తొంగిచూసి, చివరికి పూజ గదిలోని పసుపు దారం మూరెడు తెంపుకుని కిందికి వెళ్ళి ఆయన చేతికి కట్టి వచ్చింది. ఆ సాయంత్రం నుంచి నేను సారును కాస్తా బావనయ్యాను. తర్వాత మేము నానక్‌రామ్‌గూడలో పంతొమ్మిదో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయినా, ఏటా పసుపు దారం వెళ్ళేది, ఆయన వచ్చేవాడు. ఇంటర్‌కమ్ మోగితే మా ఆవిడ వంటింట్లోంచే "మీ బావమరిది వచ్చాడు, తలుపు తీయండి" అనేది. నా బావమరిది ఏమిటి, నీ తమ్ముడు కదా అనేవాణ్ణి.

గోల్ఫు నాకు మా ఆఫీసు అంటించిన జబ్బు. పైవాళ్ళు ఆడతారు కనక కిందవాళ్ళమూ కర్రలు పట్టాం. పైవాళ్ళు మారారు, కర్రలు మాత్రం మిగిలాయి. మా జట్టులో నలుగురం. మదీనాగూడలో ఆస్పత్రి ఉన్న పళ్ళ డాక్టరు గారు, ఆట నియమాల పుస్తకం జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. మా ఆఫీసులోనే పనిచేసే కుర్రాడు, మేమంతా తమ్ముడనే పిలుస్తాం, చెవిలో ఫోను తీయకుండా బంతి కొట్టగల ఘనుడు. నేను. నాలుగో మనిషి కోసం వెతుకుతుంటే ఒక శనివారం ఊరికే చూద్దామని వచ్చిన మా బావమరిది, గడ్డపార ఎత్తినట్టు కర్ర ఎత్తి, బంతిని మాకెవరికీ అందనంత దూరం పంపించాడు. "ఇన్నేండ్లు గడ్డి కోసిన. ఇగ గడ్డి మీద బంతి కొడ్త" అన్నాడు. ఆయన పొలాలన్నీ అప్పటికే అద్దాల మేడలయ్యాయి. ఆయనకు శనివారాలే కాదు, వారమంతా ఖాళీయే.

దూరం సంగతి బాగానే ఉంది కానీ ఆయన బంతి ఎటు పోతుందో ఆయనకే తెలియదు. బంతి మనుషుల వైపు పోతే 'ఫోర్' అని గట్టిగా అరవాలని డాక్టరు గారు పుస్తకం తీసి చూపించారు. "అది నియమమండీ, తప్పదు" అన్నారు. "ఫోర్ అంటే నాలుగు పరుగులు గద డాక్టర్‌సాబ్. మనోళ్ళు చప్పట్లు కొడ్తరు గని తల దాస్కుంటరా" అన్నాడు మా బావమరిది. డాక్టరు గారి పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆ రోజు నుంచి ఆయన బంతి తప్పినప్పుడల్లా మైదానమంతా దద్దరిల్లేలా "పైలం" అని కేక పెట్టేవాడు. మేము ఎక్కడివాళ్ళం అక్కడ చెట్టు చాటుకో సంచి చాటుకో చేరి నెత్తిమీద చేతులు పెట్టుకునేవాళ్ళం. వారానికి ఒకసారి, ఆటకు పది పన్నెండు పైలాలు. కొన్నాళ్ళకు ఆ మాట చెవిన పడితే మెదడుతో పని లేకుండా ఒళ్ళే వంగిపోయే స్థితికి వచ్చాం.

నేను రిటైరవడానికి ఏడాది ముందు మా ఆవిడ పోయింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది. ఆ మూడు వారాలూ కింద వరండాలో ఒక స్టీలు కుర్చీలో మా బావమరిది కూర్చునే ఉన్నాడు. తర్వాత నాకు ఆయనతో మాట్లాడటం కష్టమైపోయింది. ఆయన తప్పేమీ లేదు. "బావా" అని పిలిచేవాడు, అదొక్కటే. ఆ వరస ఎవరు కలిపారో వాళ్ళు లేరు, వరస మాత్రం మిగిలింది. అది విన్నప్పుడల్లా వంటింట్లోంచి ఇంకో మాట వస్తుందేమోనని చెవి ఎదురుచూసేది. అది రాదు. ఆవిడ కట్టిన ఆఖరి దారం ఆయన తన గోల్ఫు సంచి జిప్పుకు ముడివేసుకున్నాడు. నేను ఆ సంచి వైపు చూసేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో, నీలగిరి కొండల మీద పెద్ద పోటీలు జరిగే మైదానం ఒకటుంది, శని ఆదివారాలు అక్కడ ఆడి వద్దామని తమ్ముడు ప్రతిపాదించాడు. నేను రానన్నాను. టిక్కెట్టు తీసి నా ఫోనుకు పంపించారు. కోయంబత్తూరు దాకా విమానం, అక్కణ్ణుంచి టాక్సీ. మలుపు మలుపుకీ డాక్టరు గారు నిమ్మకాయ వాసన చూసుకుంటూ, తమ్ముడు సిగ్నలు వెతుక్కుంటూ, బావమరిది అందరికీ సకినాలు పంచుతూ కొండెక్కాం. నేను కిటికీ అద్దం దించి కూర్చున్నాను. జలుబు చేస్తే మా ఆవిడ నా తలగడకు నీలగిరి తైలం రాసేది. ఆ వాసన అక్కడ కొండ మొత్తానికీ రాసి ఉంది. ఇది నాకు ముందే తట్టి ఉంటే టిక్కెట్టు వదులుకునేవాణ్ణి.

శనివారం పొద్దున మైదానం చూసి నలుగురమూ నిలబడిపోయాం. మాకు తెలిసిన మైదానంలో ఏ గుంట దగ్గర నిలబడినా నాలుగు వైపులా అద్దాల మేడలే. ఇక్కడ పచ్చిక కొండ మీదనుంచి జారి మబ్బులో కలిసిపోతోంది. "గిది నిజమేనా, ఎవలన్న పెయింటేసిన్రా" అన్నాడు బావమరిది. మా సంచులు మోయడానికి వచ్చిన పెద్దాయనకు తమిళం తప్ప రాదు. మాలో ఎవరికీ తమిళం రాదు. అయినా మొదటి ఐదు గుంటలూ బాగానే గడిచాయి. ఆరో గుంట దగ్గర నేను కొట్టిన బంతి కుడివైపు చెట్లలోకి పోయింది. మీరు కానివ్వండి, నేను వెతుక్కుని వస్తానని చెప్పి ఒక్కణ్ణే వెళ్ళాను. ఫోను సంచిలో ఉండిపోయింది. చెట్లలో పది అడుగులు వేశానో లేదో, కింది లోయలోంచి పొగమంచు లేచి వచ్చింది. నా బూట్లు నాకే కనబడలేదు.

ఇంతలో "పైలం" అని వినబడింది. ఒళ్ళు వంగింది. ఒక చెట్టు మొదట్లో ముడుచుకుని నెత్తిమీద చేతులు పెట్టుకున్నాను. బంతి పడిన చప్పుడు రాలేదు. లేవబోతే మళ్ళీ "పైలం". ఈసారి ఎడమవైపు నుంచి. తర్వాత డాక్టరు గారి గొంతు, "పైలమండీ, పైలం" అని. ఆ తర్వాత ఆ తమిళ పెద్దాయన కూడా. ఈయన కూడా కొడుతున్నాడా అనుకుని ఇంకా ముడుచుకున్నాను. జరిగింది ఏమిటంటే, ఆ చెట్లకు అవతల నేల అమాంతం లోయలోకి పడిపోతుందని పెద్దాయన చేతులతో చూపించాడట. అది చూసి మా బావమరిది, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మాటకు ఉన్న అర్థంతోనే, పైలం అని నన్ను కేకేస్తున్నాడు. పెద్దాయన అది నా పేరనుకుని తానూ పిలిచాడు. వాళ్ళు ఎంత పిలిస్తే నేను అంత దాక్కున్నాను. ఇరవై నిమిషాలు.

ఈ ఇరవై నిమిషాల కథ తర్వాత మా వాళ్ళందరూ చెప్పుకుని నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కానీ అందులో మొదటి పది నిమిషాలే పొరపాటు. తర్వాత గొంతు దగ్గరైంది. పైలం ముందు ఇంకో మాట కూడా స్పష్టంగా వినబడింది. "బావా" అని. ఎవరూ బంతి కొట్టడం లేదని, నన్నే వెతుకుతున్నారని నాకు తెలిసిపోయింది. నేను పలకలేదు. చుట్టూ తెల్లగా ఉంది, ఆవిడ తలగడ వాసన ఉంది. పలికితే లేచి వెళ్ళాలి, నవ్వాలి, మిగిలిన పన్నెండు గుంటలు ఆడాలి, ఆదివారం పంతొమ్మిదో అంతస్తుకు తిరిగి వెళ్ళి తాళం తీసుకోవాలి. కాసేపు ఇలాగే ఉండనిస్తే బాగుండుననిపించింది. ఆ గొంతులో భయం వినబడుతూనే ఉంది. విని కూడా కూర్చున్నాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

చివరికి బావమరిదే వచ్చి నాకు తట్టుకున్నాడు. మోకాళ్ళ దాకా బురద, అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు. తడి గడ్డి మీద జారి లోయ వైపు నాలుగడుగులు పోయి, ఏదో పొద పట్టుకుని ఆగాడట. నా పక్కన కూలబడి ఊపిరి పీల్చుకుని "లే బావా, పోదాం" అన్నాడు.

"బంతి వస్తోందనుకున్నాను" అన్నాను.

ఆయన నా ముఖం చూసి "గట్లనా" అన్నాడు.

మర్నాడు మైదానంలో పెద్దాయన నాకు ఎంతో గౌరవంగా "పైలం సార్, గుడ్ మార్నింగ్" అని నమస్కారం పెట్టాడు. డాక్టరు గారు నవ్వి నవ్వి పచ్చిక మీద కూర్చుండిపోయారు. అందరిలోకీ తక్కువ నవ్వింది మా బావమరిది. ఆదివారం రాత్రి విమానాశ్రయం నుంచి తన కారులో నన్ను మా గేటు దగ్గర దించి, అద్దం దించి, "పైలం బావా" అన్నాడు. గాలిలో బంతి లేదు. నేను సరదాకి నెత్తిమీద చేతులు పెట్టుకుని వంగాను. ఆయన నవ్వకుండానే కారు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే శనివారం నాకు నడుం నొప్పి అన్నాను. ఆ పై శనివారం జ్వరం. నాకు అన్ని జబ్బులు తెలుసని నాకే తెలియదు. ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోను వచ్చేది, "బావా, రేపు వస్తవా" అని. రానని చెప్పడం మానేసి, కొన్నాళ్ళకు ఎత్తడం మానేశాను. మోగుతున్న ఫోను సోఫా దిండు కింద పెట్టి, అది ఆగేదాకా వంటింట్లో నిలబడేవాణ్ణి. వర్షాకాలం పోయి చలికాలం వచ్చేసరికి ఫోను ఆగిపోయింది. తమ్ముడికి పుణెకి బదిలీ అయింది. డాక్టరు గారికి మోకాళ్ళు అరిగాయి. బావమరిది నార్సింగి ఇల్లు అమ్మేసి శంకర్‌పల్లి అవతల నాలుగెకరాలు కొనుక్కుని మళ్ళీ గడ్డి కోస్తున్నాడని ఎవరో చెప్పారు. మూడేళ్ళు గడిచాయి. మా అపార్టుమెంటులో ఎవరొచ్చినా గేటు దగ్గర్నుంచి ఫోనులోకి కబురు వస్తుంది, లోపలికి రానివ్వమంటారా అని. నాకు నీళ్ళ డబ్బా వస్తుంది, కూరలు వస్తాయి. మనుషుల పేర్లతో కబురు వచ్చి చాలా కాలమైంది. ఇంట్లో ఒక్కణ్ణే ఉంటే ప్రశాంతంగా ఉంటుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పడానికి ఎవరూ అడగడం లేదు.

మంగళవారం ఆటో డ్రైవరు మాటకు రోడ్డు మీద అలా వంగి నిలబడినప్పుడు, నాకు నా మీదే కోపం వచ్చింది. ఎవరో ముక్కూ ముఖం తెలియనివాడు జాగ్రత్త అంటే కూడా దాక్కుంటున్నాను. రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగి, ఈ పొద్దున కాఫీ తాగి చేశాను. ఐదారుసార్లు మోగింది. మూడేళ్ళ కింద అవతలి వైపు అది ఎలా వినబడి ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఎవలు?" అన్నాడు.

"నేనే" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచక, "పైలం సార్‌ని" అన్నాను.

ఆయన నవ్వలేదు. వెనక ఎక్కడో నీళ్ళ మోటారు చప్పుడు వినబడుతోంది. అది ఆగింది. "గా రోజు నువ్ ఇన్నవ్ గద బావా" అన్నాడు.

"విన్నాను" అన్నాను. "నీకు తెలుసా?"

"నాకెర్కే. నీ మొఖం జూస్తే తెల్వదా. అక్క యాదికొచ్చిందేమో, జరసేపు కూసోనీ అనుకున్న. గని నువ్ మల్ల లేస్తలేవు." మళ్ళీ తనే, "నాకు గూడ యాదికొస్తది బావా. నేనెవలకు జెప్పాలె" అన్నాడు.

మూడు వారాలు స్టీలు కుర్చీలో కూర్చున్న మనిషిని, ఆ తర్వాత ఒక్కసారైనా నీకెలా ఉందని అడగలేదు. ఆ మాటే చెప్పాను. శనివారం పొద్దున్నే తనే వస్తానన్నాడు, కర్రలు తెస్తానన్నాడు. సంచికి ఆ దారం ఇంకా ఉందా అని అడిగాను. రంగు పోయింది గని ముడి ఉన్నదన్నాడు.

ఫోను పెట్టేసి, గేటు దగ్గర ఆపకుండా లోపలికి పంపమని ఫోనులో ఆయన పేరు ముందే రాసిపెట్టాను. ఇవాళ గురువారం. మూడేళ్ళు ఎలా గడిచిపోయాయో నాకు తెలియలేదు కానీ, ఈ రెండు రోజులు మాత్రం గడిచేలా లేవు.